సెక్రటరీగారి గుమ్మానికి వేపమండ

లాక్‌డౌన్ పెట్టిన మొదటి వారంలో మా అపార్ట్‌మెంటు సెక్రటరీగారు నా కూతుర్ని ఒక మాట అన్నాడు. ఆ మాటకు నేను ఏం చేశానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన మీద జాలితో దాచానని మాత్రం అనుకోకండి. ఆయన విషయంలో నాకు ఈరోజుకీ రవ్వంత పశ్చాత్తాపం లేదు. మెట్ల మీద ఎదురై నమస్కారం పెడితే గోడకేసి చూస్తూ దిగిపోతాను.

మేం సీతమ్మధారలో మూడో అంతస్తులో ఉంటాం. మా ఆయన స్టీల్‌ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేస్తాడు. ఆ బట్టీలు చల్లారితే లోపలి ఇటుకలు పగిలిపోతాయట. దేశమంతా తలుపులు వేసుకున్నా అక్కడ మనిషి ఉండాల్సిందే. ఆ రోజుల్లో ఆయనకు ఉదయం షిఫ్టు. చీకటుండగానే ప్లాంటు బస్సెక్కితే మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరేవాడు. బూట్లు బయటే విప్పి, తిన్నగా బాత్రూంలోకి పోయి, ఒళ్లంతా తోముకుంటే గానీ పిల్లల వైపు చూసేవాడు కాదు. నాలుగేళ్ల బాబు బాత్రూం తలుపు దగ్గరే కాపు కాసేవాడు. తొమ్మిదేళ్ల పాప ఆయన బ్యాగంతా వెతికి, క్యాంటీన్ బూందీ పొట్లం దొరికిందాకా ఊరుకునేది కాదు.

బడి లేదు, బీచి లేదు. పిల్లలకు మిగిలింది డాబా ఒక్కటే. సాయంత్రం ఐదయితే అందరూ అక్కడికే చేరేవారు. మా పాపా, సెక్రటరీగారి మనవరాలూ ఒకే క్లాసు, ఒకరిని విడిచి ఒకరు ఉండేవారు కాదు. ఆ రోజు ఆయన డాబా మీదకు వచ్చి, అందరి ముందూ నా కూతురికి వేలు చూపించి, "నువ్వు కిందికెళ్లిపో పాపా. మీ నాన్న రోజూ ప్లాంటుకెళ్లి ఊళ్లో మురికంతా అంటించుకుని వస్తున్నాడు. మా పిల్లల్ని ముట్టుకోకు" అన్నాడట. గంటలో లిఫ్టు తలుపు మీద కాగితం అంటించాడు. ప్లాంటుకు వెళ్లేవారి కుటుంబం లిఫ్టూ, డాబా వాడకూడదట. ప్లాంటుకు వెళ్లేది మా ఇల్లొక్కటే.

అడగడానికి వెళ్తే ఇనప గ్రిల్లు అవతల నుంచే మాట్లాడాడు.

"రూలంటే రూలేనమ్మా. మీ ఆయన్ని సెలవు పెట్టి ఇంట్లో కూర్చోమను."

అంతవరకూ అయితే తిట్టుకుని ఊరుకునేదాన్నేమో. మర్నాడు మా ఆయన స్నానం చేసి రాగానే, బాబు ఎప్పటిలా ఎగబడ్డాడు. పాప వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగేసింది. "ముట్టుకోకురా. నాన్నకి మురికి" అంది. హాల్లో చాక్‌పీసుతో గీత గీసి, "నాన్నా, నువ్వు అక్కడే ఉండు" అంది. ఆయన నవ్వేసి, కంచం పట్టుకుని బాల్కనీలోకి పోయాడు. రాత్రికి చాప కూడా అక్కడే వేసుకున్నాడు. "పిల్లకి తెలివెక్కువైపోనాదే" అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు గానీ, అన్నం సగం వదిలేశాడు. బూందీ పొట్లం విప్పకుండా బ్యాగులోనే ఉండిపోయింది.

నాకు కావలసిందల్లా నా కూతురు మళ్లీ వాళ్ల నాన్న బ్యాగులో చెయ్యి పెట్టడం. దానికి ముందు ఆ పెద్దమనిషి తన మాటను తనే మింగాలి. నాలుగు రోజులు అంట్లు తోముతూ అదే ఆలోచించాను.

నేను యారాడలో పుట్టినదాన్ని. మా వాళ్లు సముద్రం మీద బతికినవాళ్లు. ఇంట్లో ఎవరికైనా అమ్మోరు పోసి ఒంటి మీద పొక్కులొస్తే, మా వైపు గుమ్మానికి వేపమండలు కడతారు. మండ కనిపించిందంటే పరాయివాళ్లు ఆ గడప తొక్కరు. తల్లి చల్లబడి స్నానం పోసేదాకా ఇంటివాళ్లు కూడా ఆ మండ మీద చెయ్యి వెయ్యరు.

మా కారు షెడ్డు మీదకు పక్క స్థలంలోని వేపచెట్టు వాలి ఉంటుంది. ఒకరోజు మా ఆయన్ని బస్సుకు పంపేసి, రెండు లేత మండలు విరిచి, పసుపు రాసిన దారంతో సెక్రటరీగారి గుమ్మానికి కట్టేశాను. ఆయనది మొదటి అంతస్తు. కూరలకు దిగేవాళ్లంతా ఆ తలుపు ముందు నుంచే దిగాలి. వాచ్‌మన్ ఊళ్ల బస్సులు ఆగకముందే వెళ్లిపోయాడు కాబట్టి చూసేవాళ్లు లేరనుకున్నాను.

ఆయన నిద్రలేచేసరికి సగం అపార్ట్‌మెంటు మండను చూసేసింది. అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. చదువుకున్నవాడు, ఇలాంటివి నమ్మనని గొప్పలు పోయేవాడు. అందరూ చూస్తుండగా మండలు పీకి మెట్ల మీద విసిరేశాడు. నాలుగో అంతస్తు మామ్మగారు, శ్రీకాకుళం వైపు రైతుల ఇంటి మనిషి, పైనుంచి వంగి చూసి గుండెలు బాదుకుంది.

"ఏటి బావూ, తల్లి మండలు పీకేత్తావేటి? సల్లబడేదాకా ముట్టకూడదని తెల్దేటి నీకు? ఇంటిల్లిపాదికీ పోసేత్తాది!"

"మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదండీ. ఎవరో కావాలని కట్టారు" అని ఆయన మొత్తుకున్నాడు. ఏమీ లేకపోతే అంత కంగారెందుకని వాట్సాప్ గ్రూపులో ఒకరు అడిగారు. మరొకరు ఆయన కోడలు నిన్న దగ్గడం విన్నామన్నారు. మధ్యాహ్నానికి లిఫ్టు కాగితం మీద, ఆయన రాసిన రూలు కిందనే, ఎవరో పెన్నుతో ఆయన ఫ్లాటు నంబరు చేర్చారు. అది నేను చెయ్యలేదు. నాకు తట్టనందుకు బాధపడ్డాను.

ఆ సాయంత్రం ఆయన మనవరాలు డాబా ఎక్కితే, తల్లులంతా ఎవరి పిల్లల్ని వాళ్లు కిందికి పిలుచుకున్నారు. ఆ పిల్ల ఏడుస్తూ దిగి, వాళ్ల బాల్కనీలో నిలబడి మా పాపను పేరు పెట్టి పిలిచింది. మా పాప బాల్కనీలోంచి తొంగిచూసి, ముక్కు మూసుకుని, "మాటాడకు. మీ తాతకి మురికి" అంది. కింద సెక్రటరీగారు మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతుంటే ఆయన మొహం కనిపించింది. మాడిపోయి ఉంది. అబద్ధమెందుకు, నా కసి తీరింది. ఆ పూట నేను చేపల పులుసు పెట్టుకుని రెండోసారి అన్నం వడ్డించుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం బాబును పడుకోబెడుతూ నేనూ కునుకు తీశాను. బయట నుంచి మా ఆయన కేక వినిపించి లేచి తలుపు తీశాను. మా గుమ్మానికి వేపమండ వేలాడుతోంది. నేను ఆ రోజు కట్టగా మిగిలితే అలమరలో దాచిన పసుపు దారమే దానికి కట్టి ఉంది.

మా ఆయన లోపలికి రాలేదు. మండను చూస్తూ నాలుగు మెట్లు కిందికి దిగి నిలబడ్డాడు.

"ఎవులికే? పాపకా, బాబుకా? ఎవులికి పోసినాది తల్లి?"

నేను నోరు తెరిచేలోగా నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. "నానే తెచ్చినాను. ఆ పెద్దాయన సెప్పనే సెప్పినాడు. నా పిల్లలకి నానే అంటించినాను" అంటూ మెట్ల మీద కూలబడ్డాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

వెనక నుంచి పాప నా చీర లాగింది. నా చెవిలో మెల్లిగా, "తియ్యకమ్మా. నువ్వు కట్టిన రోజు నాను మెట్ల మీంచి సూసినాను. వాళ్లింటికి ఎవరూ ఎళ్లట్లేదు కదా. ఇది ఉంటే నాన్న కూడా లోపలికి రాడు" అంది.

"పిల్లలిద్దరూ బాగానే ఉన్నారు. ఎవరికీ ఏటీ అవలేదు" అన్నాను మా ఆయనతో.

ఆయన తలెత్తాడు. "మరి ఇదెవులు కట్టినారు?"

పాప పిడికిలి నా చీరలో బిగుసుకుంది.

"నానే కట్టినాను" అన్నాను.