బల్ల కొట్టేసి పంక్తి

ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయిన కొత్తలో యానాం నుంచి పాండిచ్చేరికి బదిలీ మీద వచ్చాను. సాయంత్రాలు ఒక తెలుగు పత్రికకు తొలి క్రైస్తవుల చరిత్ర రాసేవాణ్ని, మామూలు పాఠకుల కోసం. రెడ్డియార్‌పాళయంలో మా పక్కింటి తాతకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అందుకని పత్రికకు పంపేముందు ఆయనకు చదివి వినిపించేవాణ్ని.

"యూదులు, యూదులు కానివాళ్లు ఒకే బల్ల దగ్గర భోంచేయవచ్చా అని అపొస్తలులే తగవుపడ్డారు" అని చదివాను.

"బల్ల మింద ఎవురు తింటారు సామీ? దానికింత రచ్చ ఏంది?" అన్నాడు తాత.

నాకు ఒళ్లు మండింది. అయినా "బల్ల" అన్న మాట కొట్టేసి "ఒకే పంక్తిలో" అని రాసి మళ్లీ చదివాను. తాతను మా వీధిలో ఎవరూ పంక్తిలో కూర్చోనివ్వరు. 

"అప్పట్నించే ఉండాదా ఇది!" అన్నాడు.

అది అచ్చయ్యాక తిట్లు మొదలయ్యాయి. బల్ల అనే ఉంచి ఉంటే ఎవరికీ పట్టేది కాదు మరి! ఒక ఆదివారం మధ్యాహ్నం మా చర్చి పెద్దాయన పత్రిక పట్టుకుని ఇంటికే వచ్చారు.

"పరిశుద్ధులకు మన కుల గొడవలు అంటగడతావా?"

"అంటగట్టలేదండీ. అర్థమయ్యేలా రాశాను."

ఈలోగా మా ఆవిడ వసారాలో మూడు ఆకులు వేసింది. ఒకదాని ముందు తాత అప్పటికే కూర్చున్నాడు. పెద్దాయన ఆకుల వంక చూశారు, నా వంక చూశారు. తరవాత చెప్పులు విప్పి తాత పక్కన కూర్చుంటూ అన్నారు:

"తిన్నాక తిడతాను."