అత్త తరఫున నేను చెప్పని మాట

మా మేనత్త కిందటి నెల ఒక సోమవారం పొద్దున గుడియాత్తంలో పోయింది. తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను వేలూరులో బట్టలు ఆరేస్తున్నాను. మిగిలినవి కూడా ఆరేసి బస్సెక్కాను. కాట్పాడి దాటేదాకా ఏడుపు రాలేదు.

అత్త లుంగీలు నేసే మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. తెలుగూ తమిళమూ కలిపి గలగలా మాట్లాడేది కానీ ఏ అక్షరమూ రాదు. "నువ్వు చదివినదానివి, నేను చూసినదాన్ని" అని నన్ను ఆటపట్టించేది. పదేళ్ళ కిందట కీళ్ళు వాచి, బుగ్గలు ఎర్రబడి మంచాన పడింది. ఒంటికి కాపలా కాసే కణాలే ఒంటి మీద తిరగబడే జబ్బన్నారు. "వాళ్ళకి కూడు పెట్టేది నేనే కదమ్మే, నన్నెందుకు కొడతారు?" అని నవ్వింది.

ఆ ఏడాదంతా ఆమె ఒక తెల్ల నూలుపోగు దాచుకుంది. కీళ్ళు వాచిన రోజు దానికి నీలం దారం, నెలసరికి బయట చేరిన రోజు ఎర్రదారం ముడివేసేది. ప్రతి నెలా ఎరుపుకు కాస్త ముందు నీలం ఉండేది.

వేలూరులో పెద్ద డాక్టరు ముందు ఆ పోగు తీయబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. మా ఇళ్ళలో మగవాళ్ళ ముందు ఆ ఊసు ఎత్తరు. అప్పటికే రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగానికి చేరిన నాకు మరీ నామోషీ. నెలసరి అంతా సరిగ్గానే ఉందని ఇంగ్లీషులో నేనే చెప్పేశాను. బయటికొచ్చాక అత్త అడిగింది.

"ఏమ్మే, నా మాట చెప్పినావా?"

చెప్పానన్నాను.

నాలుగేళ్ళ తర్వాత మా ల్యాబులో ఒక క్లాసులో విన్నాను. నెలసరి ముందు గర్భసంచి పొరలో రోగనిరోధక కణాలు గుమిగూడతాయట. పాత పొర ఊడడానికీ, పుండు మానడానికీ అవే సాయం చేస్తాయట. ఇలాంటి జబ్బున్న ఆడవాళ్ళలో కొందరికి ఆ రోజుల్లోనే బాధ ముదురుతుందట. నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఆ ఆదివారమే వెళ్ళి అత్తతో నిజం చెప్పాను. అప్పటికి ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. నన్ను తిట్టినా బాగుండేది.

"పోనీలేమ్మే. ఈసారి పోయినప్పుడు చెప్దాం. నాకింకా యాదుండాది."

చెప్పాం కూడా. డాక్టరు ఓపిగ్గా విన్నాడు కానీ మందు మార్చే దశ దాటిపోయిందన్నాడు. ముందే చెప్పి ఉంటే బతికేదా అని, అత్త పోయాక ఇంకో డాక్టరును అడిగాను. చెప్పలేమమ్మా అన్నారు. ఆ మాటతో ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

దినాలు అయ్యాక మళ్ళీ డ్యూటీలో చేరాను. కీళ్ళనొప్పులని రక్తపరీక్షకు వచ్చే ఆడవాళ్ళను, నెలసరికి ముందు నొప్పి ఎక్కువవుతుందా అని అడుగుతున్నాను. అడగమని నాకెవరూ చెప్పలేదు, జవాబు రాయడానికి ఫారంలో గడి కూడా లేదు. నిన్న మేల్పాడి నుంచి వచ్చినావిడ పక్కన భర్త ఉన్నాడని నోరు విప్పలేదు. కొంగు కింద ఆమె బొటనవేలు మాత్రం ఒక్కో వేలి కణుపు మీదా ఆగుతూ, రోజులు లెక్కపెడుతూనే ఉంది.