తాబేలుకు హిందీ ఒక్కటే వచ్చు

నేను కాగజ్‌నగర్ దగ్గరి ఒక సర్కారు బడికి లెక్కల టీచరుగా వెళ్లిన ఏడాదే ఎవరో దాతలు ఆ బడికి ఎనిమిది కంప్యూటర్లు ఇచ్చారు. వాటిలో పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. తెర మధ్యలో ఆకుపచ్చ తాబేలు ఉంటుంది. ఏం చేయాలో రాసిస్తే నడుస్తుంది, పక్కకు తిరుగుతుంది, నడిచిన దారంతా గీత గీస్తుంది. చెప్పిన మాట పైకి పలుకుతుంది కూడా. అంతా బాగానే ఉంది కానీ, ఆ తాబేలుకు హిందీ తప్ప ఇంకో భాష రాదు.

"మీకు హిందీ వస్తదా మేడం?" అని అడిగారు మా హెడ్‌మేడం.

"మంచిగనే వస్తది" అన్నాను.

నా హిందీ హుస్నాబాద్ అంగట్లో చీరలు బేరమాడి నేర్చుకున్న హిందీ. దానితో సగం ధరకు చీర తెచ్చుకోవచ్చు గానీ తాబేలును నడిపించలేమని మొదటి రోజే తెలిసింది.

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెర మీద హిందీ అక్షరాలుగా మారతాయి. నలభై మంది పిల్లలు చుట్టూ నిలబడి చూస్తుండగా నేను ముందుకు పొమ్మని ధీమాగా "ఆగే జావ్" కొట్టాను. తాబేలు కదల్లేదు. కింద ఎర్రటి అక్షరాలతో ఒక్క మాట వచ్చింది. కూడబలుక్కుని చదివాను. "త్రుటి."

"త్రుటి అంటే తెలుసు కదా? రెప్పపాటు. జర ఆగుమంటుంది" అని పిల్లలకు వివరించాను.

ఆగాం. అందరం చేతులు కట్టుకుని తాబేలు వైపే చూస్తూ ఆగాం. అయిదు నిమిషాలయింది. పది నిమిషాలయింది. ముందు వరుసలో ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయి మెల్లగా అంది, "మేడం, గిది పండుకున్నట్టుంది."

గంట కొట్టేశారు. స్టాఫ్‌రూములో ఈ సంగతి చెబితే హిందీ సారుకు నవ్వుతో పొలమారి చాయ్ ముక్కులోంచి వచ్చింది.

"హిందీల త్రుటి అంటే తప్పు, మేడం! తప్పు జేసిన్రు అని అది చెప్తుంటే, మీరు కూసొని ఎదురుజూసిన్రా?"

ఆ మాట విన్న మరుక్షణమే ఆయనను నా క్లాసులోకి లాక్కుపోవాలని నిశ్చయించుకున్నాను. హిందీ సారు రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్న మనిషి. హిందీ వ్యాకరణంలో ఎంత గట్టివాడో కంప్యూటర్ అంటే అంత భయం. వచ్చాడు గానీ మౌస్‌ను కరెంటు తీగలాగా రెండు వేళ్లతో పట్టుకున్నాడు. నేను వెతికి తెరిచిన ఆజ్ఞల జాబితా చదవగానే ఆయన మొహం మారిపోయింది.

"గిదేం పద్ధతి మేడం? 'బఢో', నడువు అంటరా? 'బఢియే', నడువుండ్రి అనాలె. పొద్దున లేస్తే పిల్లలకు మర్యాద నేర్పెటోళ్లం మనం."

ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ "కృపయా ఆగే బఢియే" అని కొట్టాడు. ఎర్రగా త్రుటి. చివర "శ్రీమాన్" చేర్చాడు. మళ్లీ త్రుటి.

"గింత మర్యాదగ అడిగినా కదలదా!" సారు నిజంగానే నొచ్చుకున్నాడు.

నేను ఉత్త "ఆగే బఢో" కొట్టాను. తాబేలు టకటకా నడిచింది. సారు ఆ రెండు మాటలు తన నోట్‌బుక్కులో రాసుకున్నాడు. మరునాడు నేను పిలవకుండానే వచ్చి, నాకంటే ముందే కుర్చీలో కూర్చున్నాడు.

పిల్లలు మాకంటే తొందరగా అందుకున్నారు. ఎడమకు తిరగమనడానికి "బాయే ముడో" అనాలి. మా బడికి ఎడమవైపు పాత బావి ఉంది, ఇక్కడ బాయి అంటారు. "బాయి దిక్కు మల్లుడే కదా" అని వాళ్లు ఒక్కసారికే గుర్తుపెట్టుకున్నారు. "అగర్" అంటే ఫలానా అయితే, "నహీ తో" అంటే లేకపోతే. ఇవి చెప్పడానికి నేను అరగంట పాఠం రాసుకుని వెళ్లాను. తీరా చూస్తే "నహీ తో" వాళ్లు వాడకట్టులో రోజూ వినే మాటే. "ఇట్ల చేస్తే సరే, నహీ తో నీ సంగతి చెప్త" అని ముందు వరుస అమ్మాయి ఒక్క ముక్కలో తేల్చేసింది. నా కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఇట్లా ఉండగా ఒక పెద్ద అధికారి మా కంప్యూటర్ గది చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన రాగానే తాబేలు పువ్వు గీసి, "స్వాగత్ హై, శ్రీమాన్" అని అయిదుసార్లు పలికేట్టు ప్రోగ్రాము రాశాను. అందరికీ వినపడాలని పంద్రాగస్టుకు వాడే పెద్ద స్పీకరు డబ్బా కూడా తగిలించాం.

ఆయన వచ్చే రోజు పొద్దున నేను ముగ్గు వేయించే పనిలో ఉండగా హిందీ సారు నా ప్రోగ్రాము చదివాడు. ఆయనకు అయిదుసార్లు అన్న మాట నచ్చలేదు. అతిథికి లెక్కపెట్టి స్వాగతం చెప్పడం ఏం సంస్కారం? కొట్టేసి, "జబ్ తక్ అతిథి హై" అని మార్చాడు. అంటే, అతిథి ఉన్నంతసేపూ. తెర మీద ఒక పక్కన 'అతిథి' అని పేరుపెట్టి ఒక గడి చేసి, అందులో ఒకటి అంకె వేశాడు. ఆ గడిలో ఒకటి ఉన్నంతకాలం తాబేలు ఆగదు, అతిథి వెళ్లాక సున్నా వేయాలి. ఈ సంగతి నాకు చెప్పలేదు.

అధికారి వచ్చాడు. తాబేలు పువ్వు గీసింది. "స్వాగత్ హై, శ్రీమాన్!" అని డబ్బా దద్దరిల్లింది. ఆయన తల ఊపాడు. రెండోసారికి చేతులు జోడించాడు. అయిదుతో ఆగాల్సింది ఆరోసారి కూడా పలికింది. ఆయన మైకు అందుకున్నాడు.

"పిల్లలూ, గీ దేశం ఎవల చేతులల్ల ఉన్నది?"

"స్వాగత్ హై, శ్రీమాన్!"

పిల్లలు చప్పట్లు కొట్టారు.

"నేను గూడ మీ లెక్కనే సర్కారు బడిల..."

"స్వాగత్ హై, శ్రీమాన్!"

ఇంకో నాలుగు వాక్యాలు ప్రయత్నించి ఆయన మైకు దించాడు. "ఎప్పుడు ఆగుతది గిది?"

హిందీ సారు జీవితంలో అబద్ధం ఆడని మనిషి. చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు, "తమరు పోతే ఆగుతది సార్."

హెడ్‌మేడం దొరికిన స్టూలు మీద కూలబడ్డారు. నాకు స్టూలు కూడా దొరకలేదు. ఇంతలో, పొద్దున సారు పక్కనే ఉండి చూసిన ముందు వరుస అమ్మాయి ఉరికి వెళ్లి గడిలో ఒకటి తీసి సున్నా కొట్టింది. గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో అమ్మాయి సంబరంగా అరిచింది, "ఫికర్ లేదు సార్, మిమ్మల్ని సున్న జేసిన!"

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపమేమో అనుకున్నాను. చూస్తే నవ్వు. నవ్వి నవ్వి, కుర్చీ లాక్కుని తానే కూర్చుని తాబేలుతో ఒక చతురస్రం గీయించాడు. లేవబోతూ తెర మూలన ఒక చిన్న బొత్తం చూపించి "భాషా అని ఉన్నది, గిదేంది మేడం?" అన్నాడు. నొక్కాడు. వరుసగా భాషల పేర్లు వచ్చాయి. నాలుగోది తెలుగు.

ఆరు వారాలుగా ఆ బొత్తం నా కళ్ల ముందే ఉంది. అది రంగులు మార్చేదేమో అనుకుని ముట్టలేదు.

మరునాడు ఉత్సాహంగా తెలుగులోకి మార్చాను. తాబేలు ఇప్పుడు "ముందునకు సాగుము", "వామముగా మరలుము", "పునరావృతము గావింపుము" అంటేనే వింటోంది. పిల్లలు రెండు రోజులు ఓపిక పట్టారు.

"మేడం, గీ తెలుగు మాకు రాదు. మన హిందీనే పెట్టుండ్రి" అన్నారు.

పెట్టేశాను. ఎక్కువ సంతోషించింది హిందీ సారు. ఆయన ఒక్కడే కూర్చుని రెండు వారాలు ఏదో రాసి నన్ను పిలిచాడు. హిందీ మాట ఏది కొట్టినా అది పుల్లింగమో స్త్రీలింగమో చెప్పే ప్రోగ్రాము. ఈకారంతో ముగిస్తే స్త్రీలింగం, నహీ తో పుల్లింగం. ముందు వరుస అమ్మాయి వచ్చి "పానీ" కొట్టింది. స్త్రీలింగం అన్నది తాబేలు. సారు నాలుక కరుచుకుని, పానీ మాత్రం పుల్లింగమేనని దానికి ఒక అగర్ చేర్చాడు. తర్వాత అట్లాంటివే హాథీకి ఒకటి, దహీకి ఒకటి, ఘీకి ఒకటి. ప్రోగ్రాము నాలుగు తెరల పొడవైంది. అప్పుడు పిల్లలు, ఇళ్లలో గిన్నెలో కాల్చే బియ్యప్పిండి రొట్టె పేరు, "సర్వపిండి" కొట్టారు.

"అది హిందీ మాటనే గాదు!" అన్నాడు సారు.

"అయినా ఏ లింగం సార్?"

ఆయన మధ్యాహ్నం తిండి మానేసి ఆలోచించాడు. చివరికి స్త్రీలింగమనే తేల్చాడు. ఎందుకని అడిగితే, వాళ్లావిడ చేసినంత రుచిగా ఇంకెవరూ చేయలేరట, అందుకని.