చేపల పెట్టెలో నా మందు

దేవుని సన్నిధిలో కూడుకున్న సహోదరులారా, సహోదరీలారా, అందరికీ నా వందనాలు. నేను ఉప్పాడ ఎస్తేరమ్మనండి, పిఠాపురం వీధుల్లో చేపలమ్మే దాన్ని, నా కేక మీలో చాలామంది విన్నదే. పోయిన వర్షాకాలం ఆ కేక ఆగిపోయింది, ఎందుకాగిందో, మళ్లీ ఎలా లేచిందో చెప్పుకుందామని ఇలా నిలబడ్డాను.

నాకు సుగరు వచ్చి చాలా ఏళ్లయింది, మాత్రలు సరిపోక ఇన్సులిన్ పెట్టారు, పొద్దున్నా సాయంత్రం పొడుచుకుంటున్నాను, అన్నం తగ్గించాను, టీలో పంచదార మానేశాను, అయినా సుగరు దిగదు, డాక్టరు గారు డోసు పెంచుతారు, నేను పొడుచుకుంటాను, అది దిగదు. ఇంతలో కుడికాలి బొటనవేలికి ఆలిచిప్ప కోసుకుని పుండు పడింది, అది మానకపోగా వేలు రంగు మారడం మొదలెట్టింది. వేలు తీసెయ్యాల్సి రావచ్చు, ముదిరితే పాదం కూడా అన్నారు ఆసుపత్రిలో. కాలు లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని వీధులెవరు తిరుగుతారండి? సముద్రం మా ఇంటి ముందు గది పట్టుకుపోయినప్పుడు కూడా నేను ఏడవలేదు, ఆ రోజు ఏడ్చాను.

"ప్రభువా, నాకు చదువు లేదు, తప్పెక్కడుందో తెలీదు, నువ్వే చెప్పు, నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అని మోకాళ్లూనాను.

మర్నాడు నాకు కోపం వచ్చింది, దేవుడి మీద కాదు, మందుల షాపు మీద. వీళ్లు పనికిరాని మందు అంటగడుతున్నారని నాకు నేనే తేల్చేసుకుని, వాడుతున్న సీసా కొంగున ముడేసుకుని, కుంటుకుంటూ పోయి, కౌంటరు ముందు నిలబడి వీధంతా వినపడేలా దులిపేశాను. అక్కడి ఫార్మసిస్టు పావని గారని, నుదుట ఇంత బొట్టు, శుక్రవారం గుడికెళ్లకుండా షాపు తెరవని మనిషి. ఆవిడ నా చేతిలోంచి సీసా తీసుకున్నారు. సీసాని వెలుతురుకి ఎత్తి చూసి, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏంటి పిన్నిగారూ, చేపల వాసన వస్తోంది? దీన్ని ఎక్కడ పెడుతున్నారండి?"

"ఇంకెక్కడమ్మా, చేపల పెట్టెలో. చల్లగా ఉంచమన్నారు కదా, మా ఇంట్లో ఐసు కంటే చల్లంది ఏముంది?" అన్నాను గొప్పగా.

అప్పుడు చూపించారండి, సీసా గోడలకి విరిగిన పాలలా పలుకులు అంటుకుని ఉన్నాయి. ఇన్సులిన్ చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదట, ఒకసారి గడ్డకడితే మళ్లీ కరిగినా పనిచెయ్యదట. చేప చెడకుండా ఉంచే ఐసు నా మందుని చెడగొట్టింది. నా కోపం ఎటు పోయిందో గానీ నాకు నవ్వొచ్చేసింది, ఆవిడా నవ్వారు.

కొత్త సీసా చేతిలో పెట్టెయ్యలేదు ఆవిడ. ఇన్నాళ్లూ చెడిన మందు మీద డాక్టరు గారు డోసు పెంచుకుంటూ వచ్చారు, మంచి మందు అంతే పొడిస్తే సుగరు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుందని ఆవిడే ఆయనకి ఫోను చేశారు, ఆయన పిలిచి పరీక్ష చేసి డోసు తగ్గించారు. ఫ్రిజ్ లేకపోయినా దిగులు లేదని, పెద్ద కుండలో తడి ఇసక పోసి, మధ్యలో మూతున్న ముంత పెట్టి, సీసా అందులో ఉంచి కుండ నీడన పెట్టుకోమన్నారు. షాపుకెళ్లినప్పుడల్లా నా కాలు చూసేవారు, పుండుకి కట్టు మార్పించుకున్నానా లేదా అని సొంత కూతురిలా కేకలేసేవారు. సుగరు దిగింది, పుండు మెల్లమెల్లగా మూసుకుంది, గంప మళ్లీ నెత్తికెక్కింది.

ఇందులో అద్భుతం ఏముంది, ఆవిడ చెప్పారు నువ్వు విన్నావు అంతే కదా అన్నారు కొందరు. నేను అరిచిన అరుపులకి ఓర్చుకునే మనసునీ, ఆ వాసన పట్టే ముక్కునీ ఇచ్చి ఆవిడని ఆ కౌంటరు వెనక నిలబెట్టింది ఎవరండి? మీలో రోగంతో విసిగిపోయినవాళ్లుంటే ఆయన్ని నమ్మండి, ప్రార్థన మానొద్దు, మందూ మానొద్దు, తెలిసినవాళ్లని అడగడానికి సిగ్గుపడొద్దు.

చెప్పులతో మందిరంలోకి వచ్చానని ఏమీ అనుకోకండి, ఉత్త కాళ్లతో ఎక్కడా నడవొద్దన్నారు డాక్టరు గారు, పాస్టరు గారు సరేనన్నారు. ఒక్క నిమిషం కుడిది విప్పుతాను, చూడండి. ఐదు వేళ్లూ ఉన్నాయండి. దేవునికే మహిమ.