నాలుగో ప్లగ్గు

మా తోడికోడలు నోటితో అబద్ధం ఆడదు. ఆడాల్సి వస్తే నన్ను పిలుస్తుంది. కింద వాటాలో ఆవిడ, పై వాటాలో నేను. మెట్ల దగ్గర నిలబడి "ఏమే, ఒకసారి కిందికి రా" అందంటే, ఎవరికో ఏదో కట్టుకథ చెప్పే పని పడిందని నాకు అర్థమైపోతుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఊరంతా చెప్పుకుంటాడు గానీ, ఆవిడ గుట్టు మాత్రం నెలల తరబడి నా కడుపులోనే పెట్టుకున్నాను. ఇప్పుడెలాగూ బయటపడింది కాబట్టి చెప్తున్నా.

అక్క ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆ లెక్కన వీధిలో ఆవిడకి కుట్టుమిషనక్క అని పేరు రావాలి. రాలేదు. అందరూ టార్చక్క అనే అంటారు. ఆ పేరు రావడానికి కారణం మా బావగారు.

బావగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. బస్సుది డీజిలు ఇంజను, దానికి ప్లగ్గులుండవు. అందుకే కాబోలు, తన సొంత పెట్రోలు కారుకి ప్లగ్గులున్నాయంటే ఆయనకి అదో మురిపెం. ఆ కారు పాతదే. అయినా దాన్ని ఏ మెకానిక్కు చేత్తోనూ ముట్టుకోనిచ్చేవారు కాదు. ప్లగ్గులు మార్చే రోజున వాకిట్లో గోనెపట్టా పరిచి, పానాలన్నీ వరసగా పెట్టుకుని, బానెట్టెత్తి లోపలికి వంగేవారు. పక్కన అక్క టార్చి పట్టుకుని నిలబడాలి. "కొంచెం పైకి. అక్కడ కాదే, ఇక్కడ. నీకు టార్చి పట్టడం కూడా రాదు." పెళ్ళైన కొత్త నుంచీ ఇదే వరస. అక్క కిక్కురుమనేది కాదు. వెలుగు ఎటుపోతే కళ్ళూ అటే పోతాయి కదా. ఆయన చేసేదంతా చూస్తూ నిలబడేది.

ఈ ప్లగ్గు సంగతి తెలియనివాళ్ళుంటారు, నాకూ మొన్నటిదాకా తెలీదు. వేలెడంత ఉంటుంది. చివర ఒక చిన్న కొక్కెం, దానికీ మధ్యలో కడ్డీకీ నడుమ అట్టముక్క మందం ఖాళీ. ఆ ఖాళీలో నిప్పు దూకితేనే లోపల పెట్రోలు అంటుకుంటుంది. ఖాళీ మరీ ఎక్కువైనా కష్టమే, మూసుకుపోతే అసలు నిప్పే పుట్టదు. ఈ కారుకి అలాంటివి నాలుగు. మూడు పనిచేసి ఒకటి మొరాయిస్తే బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది.

ఒకసారి అక్క ఉండబట్టలేక అడిగింది, నాకూ కారు నేర్పండీ అని. "నువ్వు టార్చి పట్టు, చాలు" అన్నారు బావగారు. ఆయన మామూలుగానే అన్నారు. ఆవిడకి మాత్రం అది ముల్లులా గుచ్చుకుంది.

దాంతో పక్క వీధిలో ఉన్న డ్రైవింగు స్కూల్లో చేరింది. పొద్దున్నే మోకాళ్ళ వ్యాయామానికి వెళ్తోందని బావగారికి చెప్పింది నేనే. ఆయన పాపం నమ్మేశారు. ఓ రోజు కాఫీ తాగుతూ "మోకాళ్ళెలా ఉన్నాయి?" అని అడిగితే, "ఎడమ కాలికే, క్లచ్చు..." అనబోయి అక్క నాలిక్కరుచుకుంది. "కండ బావగారూ, పిక్క కండ" అని నేనందుకున్నా. లైసెన్సు చేతికొచ్చాక నా బీరువాలో చీరల అడుగున దాచింది. మంచి రోజు చూసి చెప్తానంది.

ఆ మంచి రోజు రాలేదు. బావగారి చూపు పాడైంది. చిన్న అక్షరాలు అలుక్కుపోతున్నాయి, పక్కల నుంచి వచ్చేవి కనపడటం లేదు. ఇక బండి నడపొద్దని డాక్టరు తెగేసి చెప్పాడు. వెంట వెళ్ళిన మా ఆయన చెప్పాడు గానీ, బావగారు ఇంటికొచ్చి ఆ మాట మాకు చెప్పలేదు. "బండి అమ్మేద్దాం. నేను నడపని బండి నా వాకిట్లో ఉండటానికి వీల్లేదు" అన్నారంతే.

అక్క ఆ మధ్యాహ్నం పైకొచ్చి నా మంచం మీద కూలబడింది. "ఆ బండి ఉంటే ఆయన చూడలేరు, పోతే నేను బతకలేనే. ఒక్కసారైనా ఆ సీట్లో కూర్చుని మన వీధి మలుపు తిప్పాలి నేను" అంది. మరైతే చెప్పెయ్యక్కా అన్నాను. "ఎలా చెప్పను? ఆయన చేతిలోంచి స్టీరింగు జారిపోయిన వారంలోనే నా చేతిలో ఉందని చెప్పనా?" అని కళ్ళు తుడుచుకుంది.

అమ్మినా సరే, బండి మర్యాదగా వెళ్ళాలని బావగారి పట్టుదల. కొత్త ప్లగ్గులు వేస్తానని మమ్మల్నిద్దర్నీ వెంటేసుకుని ఆటోలో విడిభాగాల షాపుకి బయల్దేరారు. షాపువాడు బంగారు రంగు డబ్బా ఒకటి తీసి, "ఇవి వేస్తే బండి ఎగురుతుంది సార్" అన్నాడు. "ఎగరక్కర్లేదయ్యా, నడిస్తే చాలు" అన్నారీయన. వాడు ఇంకోటి చేతిలో పెట్టాడు. బావగారు దాని మర మీద బొటనవేలు అటూ ఇటూ నడిపించి, "ఇది పొడుగెక్కువ. లోపలికి పొడుచుకుపోయి పిస్టన్‌కి తగుల్తుంది. మా ఇంజన్ని చంపుతావా?" అని వెనక్కి తోశారు. చివరికి సరైనవి దొరికాయి. వాటి మీద నంబరు సరిచూడాలి. ఆయన డబ్బాని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను" అన్నారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. అక్క డబ్బా తీసుకుని నంబరు చదివింది. షాపువాడు నవ్వబోతే నేను ఉరిమి చూశా.

ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ ఇంజను చల్లారి ఉందో లేదో చేత్తో చూసుకుని నాలుగూ ఆయనే బిగించారు. ముందు వేళ్ళతోనే మర ఎక్కించి, చివర్న పానాతో కాస్త బిగించి వదిలేశారు. చూడక్కర్లేదు ఆయనకి, వేళ్ళకే తెలుసు. పాతవి చెత్తబుట్టలో పడేసి చేతులు కడుక్కోడానికి వెళ్ళారు. అక్క బుట్టలోంచి ఒకదాన్ని తీసింది. పెరట్లో బట్టలుతికే రాయి మీద దాని కొక్కేన్ని నాలుగు దెబ్బలు కొట్టి ఖాళీ మొత్తం మూసేసింది. దాన్ని గుడ్డపీలికలో చుట్టి మిషను సొరుగులో దారపు ఉండల మధ్య పెట్టింది. "ఇదేంటక్కా?" అంటే, "బేరాలకి విరుగుడు" అంది.

ఇక చూడండి తమాషా. కొనేవాళ్ళు వచ్చేముందు ఫోన్ చేస్తారు. ఫోన్ రాగానే బావగారు గడ్డం గీసుకోడానికి పోతారు. ఆయన మొహానికి నురగ పూసుకుని గీసుకునే లోపల అక్క నాలుగో ప్లగ్గు ఊడదీసి ఈ చచ్చు ప్లగ్గు పెట్టేస్తుంది. టార్చి అక్కర్లేదు, ఎండ ఉంది. మొదట ఒక మాస్టారు, భార్యతో వచ్చారు. బండి స్టార్టు చేయగానే గజగజలాడింది. ఆవిడ భర్త చొక్కా పట్టుకుని లాక్కుపోయింది. తర్వాత ఒక మందుల షాపాయన వచ్చాడు, ఆయనా అంతే. ప్రతిసారీ నేను "బావగారూ, పైకి రండి, కాఫీ ఇస్తా" అని ఆయన్ని మేడెక్కించేదాన్ని. నా కాఫీ తాగడం మనిషికి ఎంత శిక్షో నాకు తెలుసు. ఆయన గుటక మింగలేక మింగేలోపల కింద మంచి ప్లగ్గు దాని చోటికి వచ్చేసేది. దిగొచ్చి స్టార్టు చేస్తే బండి కమ్మగా నడిచేది. ఆయన తల పట్టుకునేవారు. వైర్లు చూశారు, పెట్రోలు గొట్టాలు ఊదారు, బ్యాటరీ తుడిచారు. ప్లగ్గులు మాత్రం విప్పలేదు. నిన్నగాక మొన్న తన చేత్తో వేసినవి. వాటిని అనుమానిస్తే తన చేతిని అనుమానించినట్టే.

నాకు, అక్కకి నవ్వాగేది కాదు. మిషను చప్పుడు చాటున నవ్వుకునేవాళ్ళం. కానీ బావగారు రానురాను చిన్నబోయారు. "నేను నడపడం మానేశాక దానికీ ఒంట్లో బాలేదు" అన్నారోసారి. ఆ మాట విన్నాక ఆ పూట అక్క అన్నం తినలేదు. అయినా ప్లగ్గు మాత్రం పారెయ్యలేదు.

అప్పుడొచ్చాడు సన్నమీసం. పాత కార్లు కొని అమ్మేవాడు. చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, బండి వణకడం విని, మిగతావాళ్ళలా పారిపోలేదు. బానెట్టెత్తమన్నాడు. ఇంజను నడుస్తుండగానే గుడ్డ చుట్టిన చేత్తో ప్లగ్గుల మీది రబ్బరు టోపీలు ఒక్కొక్కటే లాగి చూశాడు. మొదటిది లాగితే వణుకు ఇంకా పెరిగింది. రెండోది, మూడోదీ అంతే. నాలుగోది లాగితే ఏ తేడా లేదు. వాడి మీసం కింద ఒక నవ్వు మెరిసి మాయమైంది. నేను చూశా. వాడికి జబ్బు తెలిసిపోయింది. టోపీ మళ్ళీ పెట్టేసి మొహం వేలాడేశాడు.

"నాలుగో సిలిండరు పోయింది సార్. ఇంజను మొత్తం విప్పాలి. మీరు పెద్దవాళ్ళు కాబట్టి అడిగినదాన్లో సగానికి తీసుకుంటా, ఇప్పుడే పట్టుకుపోతా" అన్నాడు.

బావగారు బండి వైపు ఒకసారి చూశారు. "తీసుకుపోండి" అన్నారు.

బండి బాలేదంటే ఎవరూ కొనరనుకున్నాం గానీ, బాలేదనే కొనేవాడొకడు ఉంటాడని మా బుర్రలకి తట్టలేదు. బావగారు ఇంజను ఆపి, తాళం తీసి వాడి చేతిలో పెట్టబోతున్నారు.

"ఆగండి" అంది అక్క. లోపలికి వెళ్ళి మంచి ప్లగ్గు చుట్టిన గుడ్డపీలిక, పానా తెచ్చింది. "జరుగు బాబూ" అని సన్నమీసాన్ని పక్కకి నెట్టి వంగింది. టోపీ ఊడదీసి, ప్లగ్గు విప్పి, మంచిది వేళ్ళతో మర ఎక్కించి, పానాతో బిగించి, టోపీ నొక్కింది. బావగారు చూపు ఆననంత దూరంలో ఉన్నారు గానీ, పానా తిరిగిన చప్పుడు ఆయనకి తెలీకుండా ఉంటుందా. అక్క ఆయన చేతిలోంచి తాళం తీసుకుని స్టార్టు చేసింది. బండి మెత్తగా, వణుకన్నది లేకుండా నడిచింది.

"మా అమ్మే, బాగు చేశారే. సరే సార్, పూర్తి ధరకే తీసుకుంటా" అన్నాడు సన్నమీసం, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

బావగారు వాడి వైపు తిరగలేదు. అక్క దగ్గరికొచ్చి చెయ్యి చాపారు. ఆవిడ చచ్చు ప్లగ్గుని గుడ్డపీలికతో సహా ఆ చేతిలో పెట్టింది. ఆయన గోటితో కొక్కేన్ని తడిమి చూశారు.

"మూసేశావు."

"అవును."

"ఎప్పట్నుంచి?"

"మొదటివాళ్ళు వచ్చినప్పట్నుంచి. అమ్మకండి. నేను నడుపుతా. నేర్చుకున్నా. మిమ్మల్ని ఏడిపించినందుకు తిట్టండి, పడతా. అమ్మితే మాత్రం ఊరుకోను."

నేను ఒక్క పరుగున పైకెళ్ళి లైసెన్సు తెచ్చా. బావగారు దాన్ని కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చూశారు. చదవగలిగారో లేదో తెలీదు. ఫోటో మటుకు పోల్చుకునుంటారు. "మోకాళ్ళ వ్యాయామం" అన్నారు నా వైపు చూసి. నేను గోడ వైపు చూశా. ఆయన సన్నమీసంతో "బండి అమ్మడం లేదు, వెళ్ళు" అన్నారు. వాడు చెప్పులు ఈడ్చుకుంటూ పోయాడు.

ముగ్గురం మిగిలాం. ఇక తిడతారు అనుకున్నా. ఆయన బండి టాపు మీద చెయ్యేసి, నెమ్మదిగా అడిగారు. "నువ్వు నడిపితే నేనెక్కడ కూర్చోవాలే?"

నాకైతే ఏడుపొచ్చింది, దాచడం దేనికి. ఆయనే వెనక తలుపు తీసి, వెనక సీట్లో షావుకారులా కూర్చుని, "పోనియ్" అన్నారు.

అక్క స్టీరింగు ముందు కూర్చుంది. అద్దం సరిచేసుకుంది. బండి కదిలించలేదు.

"ఏమైంది?" అన్నారాయన.

"అద్దంలో వెనకేం కనబడట్లేదు. మీ తల అడ్డం. ముందుకి రండి."

"నా తల ఎప్పట్నుంచి అంత పెద్దదైంది?"

"పెళ్ళైనప్పట్నుంచీ అంతే ఉంది."

సణుక్కుంటూ దిగి ముందుకెళ్ళి కూర్చున్నారు. ఆ ఖాళీలో నేనెక్కా. నా తల మాత్రం ఎవరికీ అడ్డు రాలేదు.

బండి వీధిలోకి దిగింది. కాస్త దూరం పోగానే ఎదురుగా ఒక సైకిలు. బావగారి కుడికాలు ఉలిక్కిపడి కిందున్న రబ్బరు పట్టాని గట్టిగా తొక్కింది. ఆ పక్కన బ్రేకు ఉండదు కదా. అయినా ఆయన తొక్కిన క్షణంలోనే బండి నెమ్మదించింది. మలుపు దగ్గర మళ్ళీ తొక్కారు. మళ్ళీ నెమ్మదించింది. నేను ముందుకి వంగి చూశా. అక్క రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, ఓరకంట ఆయన పాదాన్ని కనిపెడుతోంది. అది కదిలినప్పుడల్లా తన కాలు బ్రేకు మీద వేస్తోంది. బండి మలుపు తిరిగింది. కూరగాయల బండి అడ్డొచ్చినప్పుడు మూడోసారి తొక్కారు, బండి మెత్తగా ఆగింది. అప్పటిదాకా నిటారుగా ఉన్న ఆయన వీపు సీటుకి ఆనింది.

"బ్రేకు బాగానే పట్టుకుంటోందే" అన్నారు బావగారు.