దీపాల వేళ ఆల్దో దొర అన్న మాట

మా చిన్నప్పుడు... సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మా వాకిట్లో ఒక ఇటలీ దొర నిలబడి "చావ్" అనేవాడు. రోజూ అనేవాడు... నవ్వుతూ, చెయ్యి ఊపుతూ.

ఆయన పేరు ఆల్దో. ఒకప్పుడు టెన్నిస్ ఆడి బతికినవాడు. దేశాలు తిరిగి ఆడాడట. ఒక పెద్ద పోటీలో, ఇంకాసేపట్లో గెలుస్తాడనగా, సర్వీసు చెయ్యడానికి చెయ్యి పైకెత్తబోతే భుజం దాటి లేవలేదట... అంతే. ఆట అక్కడే అయిపోయింది. ఆ తర్వాత బావమరిది ఏదో యంత్రాల కంపెనీలో పెట్టిస్తే, పంతొమ్మిదివందల డెబ్బైల్లో క్రేన్ల పని మీద మా విశాఖపట్నం వచ్చిపడ్డాడు.

మా నాన్న అప్పన్న ఓడల్లోంచి సరుకు దించే పని చేసేవాడు. హార్బర్లో ఇద్దరికీ స్నేహం కలిసింది. ఒకరి భాష ఒకరికి రాదు... బీడీలు మాత్రం కలిసి కాల్చేవారు. ఒకరోజు సేపల పులుసు తినిపిస్తానని నాన్న ఆయన్ని మా క్వార్టర్స్‌కి తీసుకొచ్చాడు. అప్పుడు మా అక్క వరలక్ష్మి గోడకేసి చెక్కముక్కతో రబ్బరు బంతి కొడుతోంది. ఆల్దో అన్నం మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పులుసు చల్లారిపోయిందని అమ్మ నొచ్చుకుంది కూడా.

మర్నాటి నుంచీ అక్కకి ఆట నేర్పడం మొదలెట్టాడు. క్లబ్బు వెనక మట్టి కోర్టులో, పెద్దమనుషులు రాకముందు ఆడుకోనిచ్చేవారు. నాన్న ఖాకీ ప్యాంటు కత్తిరించి అమ్మ అక్కకి నిక్కరు కుట్టింది. ఆల్దో అన్నీ ఆడి చూపించేవాడు గానీ సర్వీసు మాత్రం నోటితోనే చెప్పాలి పాపం... ఆ చెయ్యి లేవదు కదా. అక్క చెయ్యి పైకెత్తి బంతిని కొట్టినప్పుడల్లా ఆయన మొహం చూడాలి. రెండేళ్ళు తిరిగేసరికి హైదరాబాద్‌లో ఆడపిల్లల పోటీలకి అక్కని పిలిచారు. మా లైన్లో అప్పటిదాకా హైదరాబాద్ చూసినవాళ్ళే లేరు.

అంతా బాగానే ఉంది... మా నానమ్మకి ఆ ఒక్క మాటే గొంతులో ముల్లు.

నానమ్మది ఎలమంచిలి పక్క పల్లె. ఇంట్లోంచి కదిలేవాళ్ళు "వెళ్తాను" అంటేనే ఒప్పుకునేది కాదు, "వెళ్ళొస్తాను" అనాలి. సందె వేళ తథాస్తు దేవతలు తిరుగుతారని, చెడ్డ మాట నోట రాకూడదని మా మూతుల మీద కొట్టేది. అలాంటిది సరిగ్గా ఆ వేళకే అక్కని దిగబెట్టడానికి వచ్చి ఈయన చావ్, చావ్ అంటాడు.

"ఏట్రా అప్పన్నా, దీపాలెట్టే ఏల ఆ దొర సావు సావంతాడు?" అనేది.

"ఆల బాసలో ఎల్లొత్తానని అమ్మా," అని నాన్న నవ్వేవాడు.

"ఏ బాసయితే ఏటి? పైనున్నోళ్ళకి మన బాసే ఇనబడతది," అనేది. సింహాద్రి అప్పన్నని తలుచుకుని గుప్పెడు ఉప్పు దిష్టి తీసి పారేసేది. మేం పగలబడి నవ్వేవాళ్ళం.

హైదరాబాద్ ప్రయాణం రేపో మాపో అనగా, ఒక సాయంత్రం ఓడ వచ్చిందని నాన్నకి కబురొచ్చింది. గుమ్మం దిగుతుంటే అక్కతో పాటు ఆల్దో ఎదురయ్యాడు. నాన్న భుజం తట్టి, "చావ్, అప్పానా" అన్నాడు. నానమ్మ చేతిలో అగ్గిపుల్ల అలాగే ఆరిపోయింది.

తెల్లారేక మనుషులొచ్చి చెప్పారు. ఓడ మీద ఇనప తాడు తెగి నాన్నకి తగిలిందట...

నాన్నని తెచ్చి వాకిట్లో పడుకోబెట్టేసరికి ఆల్దో పరుగున వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నానమ్మ లేచి ఆయన చొక్కా పట్టుకుంది.

"నువ్వే సావమన్నావు... నా కొడుకు సచ్చిపోనాడు. ఇంకెవుల్ని సావమంతావు?"

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమంటోందని అక్కని ఇంగ్లీషులో అడిగాడు. అక్క "వెళ్ళిపొమ్మంటోంది" అని మాత్రం చెప్పింది.

ఆయన తలూపాడు. నాన్న కాళ్ళ వైపు చూసి, మెల్లగా... "చావ్, అప్పానా" అన్నాడు. తన స్నేహితుణ్ణి ఆయన సాగనంపుకున్నాడు, అంతే. కానీ వాకిట్లో జనమంతా ఆ మాట విన్నారు. నానమ్మ అక్కడే కుప్పకూలి గుండెలు బాదుకుంది. ఆ తర్వాత ఎవరెన్ని చెప్పినా ఇంకెవరు వింటారు?

మాకు పెద్దదిక్కుగా వచ్చిన మావయ్య అక్క రాకెట్టు అటకెక్కించేశాడు. హైదరాబాద్ పోలేదు. అమ్మ పనికి వెళ్ళడం మొదలెట్టింది, వంటింట్లో అక్క చేరింది. అది ఏడవడం నేను చూడలేదు... కానీ బట్టలు ఆరేసేటప్పుడు చెయ్యి పైకెత్తి కాసేపు అలాగే ఉండిపోయేది. నాకు ఇప్పటికీ మనసొప్పదు. ఎవర్ని తిట్టాలో తెలిస్తే తిట్టేదాన్ని.

కొన్నాళ్ళకి ఆల్దో పని అయిపోయింది, ఊరెళ్ళిపోతున్నాడన్నారు. ఒక సాయంత్రం వచ్చి రోడ్డు అవతలే నిలబడ్డాడు. ఈలోగా ఎవరో చెప్పారు కాబోలు, తను రోజూ అన్నది మాకేమని వినిపించేదో. అక్క గేటు దాకా వెళ్ళింది. ఆయన చెయ్యి ఊపలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అచ్చం మా నాన్న అన్నట్టే అన్నాడు... "ఎల్లొత్తాను."

మళ్ళీ రాలేదు.

ఇప్పుడు ఎవరు ఏమని వెళ్ళినా పట్టించుకునేవాళ్ళు లేరు. మొన్న అక్క మనవరాలు స్కూటీ తీస్తూ, ఎక్కడ నేర్చుకుందో, "చావ్ అమ్మమ్మా" అంది. అక్క ఉలిక్కిపడుతుందనుకున్నాను. లేదు... భుజం నొప్పి ఉన్నా చెయ్యి పైకెత్తింది. "చావ్" అంది. తర్వాత బండి వీధి మలుపు తిరిగిపోయినా, అది మళ్ళీ ఇంటికొచ్చేదాకా గేటు దగ్గర్నుంచి కదల్లేదు.

మీ ఇళ్ళల్లో గుమ్మం దిగేవాళ్ళు ఏమని చెప్పి వెళ్ళేవారు... ఆ మాట మీకింకా గుర్తుందా?