శివజ్యోతి నీలం ఉండలు

శివజ్యోతి కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు కోయిలకుంట్ల చుట్టుపక్కల లేరు. అన్నం కూడా నిలబడే తింటుంది, అదీ గుర్తొస్తే. తండ్రి దగ్గర నేర్చుకున్న బాణసంచా పనిని అత్తగారి ఊరికి తెచ్చుకుని, లైసెన్సు తీసుకుని, ఊరి బయట బీడులో షెడ్డు వేసింది. ఏటా తిరునాళ్లకు బాణాలు ఆమెవే.

ఈసారి తిరునాళ్ల పెద్ద పుల్లయ్య మెలిక పెట్టాడు.

"ఎర్రది, పచ్చది శానా చూసినామమ్మా. నీలం చూపించు. లేకుంటే వచ్చే ఏడు శివకాశి సరుకే తెప్పిస్తాం."

ఎంత తేలిగ్గా అనేశాడు మహానుభావుడు! ఎరుపుకి స్ట్రాన్షియం, ఆకుపచ్చకి బేరియం చెప్పిన మాట వింటాయి. నీలానికి రాగి కావాలి, దానిది మహా పెంకితనం. మంట వేడి కాస్త ఎక్కువైతే నీలం చెదిరిపోతుంది, తక్కువైతే కంటికి ఆనదు. పైగా ఉప్పు పొడ గిట్టదు. ఉప్పులోని సోడియం ఏమాత్రం చేరినా, దాని పసుపు వెలుగు ముందు నీలం నిలవదు. అందుకే శివజ్యోతి షెడ్డులోకి ఊరగాయ డబ్బా రానివ్వదు, భర్త హనుమేష్ చేత మోచేతుల దాకా కడిగిస్తుంది.

ఇంత చేసీ, బాణంలో కూర్చే రంగుమందు ఉండలు ఆరాక మునిమాపు వేళ ఒకటి వెలిగిస్తే పసుపుగా మండింది.

"చేతులు కడుక్కోకనే కలిపినావు గదా?" అని భర్త మీద విరుచుకుపడింది.

"సబ్బు అరిగిపోయేట్టు కడిగితిని గదే" అన్నాడు పాపం.

రాగి పొడి అమ్మిన కర్నూలు కొట్టువాణ్ణి తిట్టి, వేరే పొడి తెచ్చి మళ్లీ చేసింది. మళ్లీ పసుపే. తిరునాళ్ల నెత్తిమీదికి వచ్చింది. కాలు కాలిన పిల్లిలా షెడ్డుకీ ఇంటికీ తిరుగుతూ ఏడ్చేసింది. శివకాశి సరుకొస్తే ఇక తన చేతులకు పనేముంది?

ఉండలు కట్టడానికి బియ్యప్పిండి గంజి కావాలి. షెడ్డు దగ్గర పొయ్యి వెలిగించకూడదు గనుక దాన్ని ఇంట్లోనే కాస్తారు. ఎప్పుడూ తానే కాచుకునేది. ఈసారి తీరిక లేక, వాకిట్లోంచే "అత్తా, గంజి కాంచి పంపు" అని కేకేసి పోయేది. మూడోసారి మాత్రం పంపేదాకా ఆగలేక తానే ఇంటికొచ్చింది. అత్త భీమమ్మ గిన్నెలో ఉప్పు వేసి కలుపుతోంది.

"అత్తా! ఏం చేస్తాండావు?"

"ఉప్పు లేకుంటే గంజి ఎట్ల తాగుతావే? పొద్దన్నుంచి మెతుకు ముట్టకుండా ఎండలో తిరుగుతాండావు. గంజన్నా అడిగి తాగుతాండాది లే అని సంతోషపడితిని."

శివజ్యోతికి వచ్చిన కోపం అంతలోనే చల్లారిపోయింది. గంజి దేనికో ఒక్క ముక్క చెప్పే తీరిక లేకపోయింది తనకే. సిగ్గేసింది. గిన్నె పక్కన పెట్టి, ఉప్పు లేకుండా తానే మళ్లీ కాచుకుంది.

తిరునాళ్లనాడు చీకటి పడగానే బాణం పైకి లేచి నీలంగా విచ్చుకుంది. జనం కేరింతలు కొట్టారు. పుల్లయ్య మెడ ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండి, "వచ్చే ఏడూ నువ్వే కాల్చల్లమ్మా" అన్నాడు.

ఇల్లు చేరాక శివజ్యోతి గడపలో చతికిలబడింది.

"అత్తా, ఇన్ని గంజినీళ్లు తీసుకరా. ఉప్పేసే తీసుకరా."

భీమమ్మ గిన్నె తెచ్చి ఎదురుగా నిలబడింది. కోడలు కూర్చునే ఉంది, గిన్నె ఖాళీ అయ్యేదాకా.